పీతలకు ఏ ఎర మంచిది?



వరికోతలు ముగిసి, కుప్పలు వేసి, చేతికి కాస్త తీరిక చిక్కిన రోజుల్లో మన కోస్తా జిల్లాల్లో ఉప్పుటేర్ల పక్క గ్రామాలవాళ్ళకు ఒక అలవాటు వున్నది. సాయంత్రం పూట తాడూ బుట్టా పట్టుకుని ఏటిగట్టుకు పోతారు. చీకటి పడ్డాక నాలుగు పీతలు పట్టుకుని యింటికి వస్తారు. పీతల వేటే బతుకుతెరువు చేసుకున్న మత్స్యకారులు వేరు, కూరకోసం సరదాగా పట్టేవాళ్ళు వేరు. మత్స్యకారులకు ఈ విద్య ఒకరు నేర్పనక్కరలేదు. ఈ పూట నా మాటలు ముఖ్యంగా రెండో రకం వారికోసం.

గోదావరి జిల్లాల్లో పీత అంటాము. కృష్ణ దాటి గుంటూరు, నెల్లూరు వైపు పోతే ఎండ్రకాయ అంటారు. పేరేదైనా మనం చెప్పుకునేది ఉప్పునీటి బురదలో, మడచెట్ల వేళ్ళ సందుల్లో వుండే మండపీతను గురించి. ఇందులోనూ మన తీరంలో రెండు జాతులున్నవి. ఒకటి బాగా పెద్దదై, ఆకుపచ్చ రంగులో, కాళ్ళ నిండా గళ్ళు గళ్ళుగా గీతలు వేసినట్టు వుంటుంది. రెండవది కొంచెం చిన్నది, డెక్కలు ఎర్రగా వుంటవి. పెద్దది ఎక్కువగా నీటిలో తిరుగుతూ వుంటుంది. ఎర్రడెక్కలది గట్టున బొరియ చేసుకుని వుంటుంది. ఈ తేడా ఎర వేసే చోటు ఎంచుకునేటప్పుడు పనికివస్తుంది, గుర్తుంచుకోండి.

సరే, ఎర సంగతి. ఏటిగట్టున పదిమందిని అడగండి, పది మాటలు చెబుతారు. ఒకాయన కుళ్ళిన చేప అంటాడు. ఇంకొకాయన కోడిపేగులు అంటాడు. మరొకాయన మలుగుపాము ముక్కకు మించింది లేదంటాడు. రొయ్యల చెరువు పక్కనున్న ఆయన, చచ్చిన రొయ్యలు వూరికే పారబోస్తున్నాము, అవి వేస్తే పోలా అంటాడు. ఈ చివరి మాట వినడానికి చిన్నదిగానే వుంటుంది గాని, చాలా పెద్ద నష్టం తెచ్చే మాట. ఎందుకో తరువాత చెబుతాను. ముందు పీత తన తిండిని ఎలా వెతుక్కుంటుందో తెలుసుకుందాం. అది తెలిస్తే ఏ ఎర మంచిదో మనకే తెలిసిపోతుంది.

పీత ఎక్కువగా రాత్రిళ్ళు తిరిగే జీవి. పైగా ఉప్పుటేరు నీరు ఒండ్రుతో మసకగా వుంటుంది. అలాంటి చోట కళ్ళు అట్టే పనికిరావు. అందువల్ల పీత వాసన మీద ఆధారపడుతుంది. కళ్ళ మధ్య వుండే చిన్న చిన్న మీసాలతో నీటిలో కలిసివచ్చే వాసన పసిగడుతుంది. కాళ్ళ చివరలతో బురదను తాకి రుచి చూస్తుంది. మనం నాలుకతో చేసే పని అది కాళ్ళతో చేస్తుందన్నమాట. చేప మాంసం నుంచి రసం వూరి నీటిలో కలుస్తుంది గదా, ఆ రసమే పీతను పిలిచే పిలుపు. రసం ఎంత దూరం పోతే పిలుపు అంత దూరం వినబడుతుంది. రసం అయిపోయిన ముక్క ఎంత పెద్దదైనా పీతకు రాయితో సమానం.

మరి పీత తనంత తానుగా తినే తిండి ఏమిటి? హిల్ అనే శాస్త్రజ్ఞుడు 1976లో మండపీతల పొట్టలు పరీక్షించి ఫలితాలు ప్రకటించాడు. వాటిలో ఎక్కువ భాగం గుల్లలూ నత్తలూ కనిపించినవి. ఆ తరువాత చిన్న పీతలు, రొయ్యల వంటివి. చేప చాలా తక్కువ. ఇది విని మీరొక ప్రశ్న అడగవచ్చు. పీత తినేది గుల్లలైతే మనం చేప ఎర ఎందుకు వెయ్యాలి, గుల్లలే వెయ్యవచ్చు గదా అని. మంచి ప్రశ్నే. జవాబు ఇది. పీత చేపను తినకపోవడానికి కారణం యిష్టం లేక కాదు, బతికున్న చేప దానికి చిక్కదు. గుల్ల పారిపోదు, చేప పారిపోతుంది. చచ్చిన చేప దొరికితే పీత వదిలిపెట్టదు. ఇక గుల్ల సంగతి చూస్తే, మూసుకున్న గుల్ల నుంచి వాసన బయటికి రాదు. చితగ్గొట్టి వేస్తే మాత్రం మంచి ఎరే. అయితే మెత్తని మాంసం కాబట్టి చిన్న చేపలు క్షణంలో లాగేసుకుపోతవి.

దీన్నిబట్టి మంచి ఎరకు నాలుగు లక్షణాలు వుండాలని తేలుతుంది. ఒకటి, రసం బాగా వూరాలి. రెండు, నీటిలో నానినా, పీత లాగినా తొందరగా వూడిపోకూడదు. మూడు, చవకగా, మన వూళ్ళోనే దొరకాలి. నాలుగు, దానివల్ల మనకు గాని, ఏటికి గాని, పక్కవాడి చెరువుకు గాని కీడు కలగకూడదు. మొదటి మూడూ అందరూ చూస్తారు. నాలుగోది చూసేవాళ్ళు తక్కువ. 

ఇప్పుడు ఒక్కొక్క ఎరనూ ఈ నాలుగు లక్షణాలతో తూచి చూద్దాం.

మొదటిది చేపతల. నన్నడిగితే అన్ని విధాలా తగిన ఎర యిదే. బజారులో చేపలు కోసే చోట తలలూ, మొప్పలూ, నడుమ ముల్లూ పారవేస్తారు. అడిగితే వూరికే యిస్తారు, లేదా నాలుగు డబ్బులకు యిస్తారు. మొప్పల్లో నెత్తురు వుంటుంది కాబట్టి రసం బాగా వూరుతుంది. ఎముక గట్టిది కాబట్టి తాడు నిలబడుతుంది. తలను నిలువుగా రెండుగా చీల్చి కడితే వాసన యింకా బాగా పోతుంది. బొచ్చె, శీలావతి తలలు యిందుకు బాగుంటవి. మా చెరువులోనే చేపలు పెంచుతున్నాం గదా అనేవారికి ఖర్చే లేదు. తిలాపియా చేపను కొన్ని చోట్ల జిలేబీ అంటారు. చెరువులో పిలవని పేరంటంలా వచ్చి చేరే చేప అది. అలాటివాటిని నిలువునా రెండుమూడు గాట్లు పెట్టి ఎరగా వాడవచ్చు.

రెండవది నూనె వున్న చేప. కవళ్ళు, కానగంతలు యిలాంటివి. వీటి నూనె నీటిలో బాగా పారుతుంది. పీత తొందరగా వస్తుంది. అయితే వీటి మాంసం మెత్తన. తాడుకు కడితే గంటలోపల జారిపోతుంది. కాబట్టి వీటిని వల సంచిలో పెట్టి వెయ్యాలి తప్ప వూరికే కట్టకూడదు. తినడానికి పనికివచ్చే మంచి చేపను ఎరకు తగలేయడం ఎందుకు? నలిగిపోయి అమ్ముడుపోనివి దొరికితే తెచ్చుకోండి.

మూడవది మలుగుపాము, జెల్ల, సొర ముక్కల వంటి గట్టి తోలు ఎర. వీటి బలం తోలులో వున్నది. పీత ఎంత లాగినా తెగదు. పొడుగు తాడుకు బారెడు బారెడు దూరాన ముక్కలు కట్టి వేసేవారికి యిదే అనువు. జెల్లను వాడేటప్పుడు ముందుగా వీపు మీది ముల్లూ, పక్క ముళ్ళూ విరిచి పారవెయ్యండి. గుచ్చుకుంటే రెండు రోజులు చెయ్యి ఆడదు.

నాలుగవది కోడిమెడ. ఇది మనకు కొంత కొత్తగాని, అమెరికాలో చాలా పాత అలవాటు. అక్కడ మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాలను ఆనుకుని చీసాపీక్ అనే పెద్ద అఖాతం వున్నది. నీలిపీతలకు అది పేరుమోసిన చోటు. వేసవిలో ఆ రేవుల మీద పిల్లా పెద్దా కూర్చుని, తాడుకు కోడిమెడ కట్టి దించుతారు. తాడు బిగుసుకోగానే నెమ్మదిగా లాగి, పీత పైకి తేలేలోపల కింద జల్లివల పెట్టి అందుకుంటారు. అక్కడ స్థిరపడ్డవాళ్ళు మీ యింట వుంటే అడగండి, చూసేవుంటారు. వ్యాపారంగా పట్టేవాళ్ళు అక్కడ కూడా ఉప్పువేసిన మలుగుపాము ముక్కలూ, ఎద్దుపెదవి తోలూ వాడుతూ వచ్చారు. అంటే గట్టి తోలు ఎర విలువ వాళ్ళూ మనమూ ఒకే విధంగా కనిపెట్టామన్నమాట. కోడిమెడలో ఎముకా తోలూ వుంటవి కాబట్టి చాలాసేపు నిలుస్తుంది. వాసన మాత్రం చేపకంటె తక్కువ. చేప దొరకని రోజున వాడవచ్చు.

కోడిపేగుల సంగతి వేరు. వాసన వున్నా పీత ఒక్క లాగుకే తెంపుకుపోతుంది. మిగిలినవి నీటిలో తేలి గట్టుకు కొట్టుకువచ్చి కంపు కొడతవి. కోళ్ళ షెడ్డులో జబ్బుచేసి చచ్చిన కోళ్ళను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఏటిలో వెయ్యకండి. వాటిని గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చవలసిందే.

అయిదవది గుల్లలు. కాకినాడ అఖాతం ప్రాంతాల్లో దొరికే బుడితగుల్లల వంటివి, నత్తలు. చితగ్గొట్టి వల సంచిలో వేస్తే పీతకు యింటి భోజనమే. చేపతల ఒకటి, గుప్పెడు చితికిన గుల్లలు కలిపి వేస్తే యింకా మంచిది. గుల్ల రసం తొందరగా పోయి మొదట పిలుస్తుంది. తల నిలబడి వచ్చిన పీతను కదలనివ్వదు.

కొందరు కప్పను ఎరగా కడతారు. అది మానండి. కప్ప పొలంలో పురుగుల్ని తిని, మనకు కూలి అడగకుండా పనిచేసే నేస్తం. కప్పల్ని పట్టి వాటి కాళ్ళను పైదేశాలకు పంపే వ్యాపారాన్ని మన ప్రభుత్వం 1987లోనే నిషేధించింది. నాలుగు పీతలకోసం పొలం కాపలాదారును చంపుకోవడం తెలివైన పని కాదు.

ఇక కుళ్ళిన ఎర మాట. పీత కుళ్ళినదే తింటుంది, ఎంత కంపు కొడితే అంత మంచిది అని చాలామంది నమ్ముతారు. ఇది సగమే నిజం. పీత కుళ్ళినదాన్ని తింటుంది, నిజమే. ఆకలేస్తే ఏదైనా తింటుంది. అయితే తాజా చేపా, కుళ్ళిన చేపా పక్కపక్కన వుంటే తాజాదాని వైపు పోతుంది. ఎందుకంటే పీతను పిలిచే రసం తాజా మాంసంలోనే ఎక్కువ. కుళ్ళేకొద్దీ ఆ రసం చెడి, మన ముక్కుకు కొట్టే ఘాటు మాత్రమే మిగులుతుంది. మన ముక్కుకు ఎక్కువగా తెలిసే వాసన పీతకు ఎక్కువగా తెలుస్తుందనుకోవడం పొరపాటు. మనం గాలిలో వాసన చూస్తాం, అది నీటిలో చూస్తుంది. కాబట్టి వుదయం తెచ్చిన తలల్ని సాయంత్రం వాడదలిస్తే నీడన, తడిగోనె చుట్టి వుంచండి. వీలైతే మంచుముక్కల్లో పెట్టండి. వారం రోజులు దాచాలంటే ఉప్పు వెయ్యండి. ఒక వరస చేపముక్కలు, ఒక వరస రాళ్ళుప్పు, యిలా కుండలో పేర్చి మూతపెట్టాలి. ఉప్పువేసినందువల్ల ముక్క గట్టిపడుతుంది, తాడున బాగా నిలుస్తుంది. రసం కొంత తగ్గుతుంది గాని, కుళ్ళినదానికంటె ఎన్నో రెట్లు మేలు.

ఎర మంచిదైతే చాలదు, కట్టడం తెలియాలి. ఉల్లిపాయలు వచ్చే వల సంచి ముక్క కోసి, అందులో ఎర పెట్టి మూతి బిగించండి. పీత డెక్క లోపలికి పోదు, వాసన బయటికి వస్తుంది. వచ్చిన పీత ఎరను ఎత్తుకుపోలేక అక్కడే తచ్చాడుతూ వుంటుంది. మనకు కావలసింది అదే. పని అయిపోయాక ఆ సంచి ముక్కల్ని ఏటిలో పారవెయ్యకుండా వెనక్కి తెచ్చుకోండి.

తరువాత చోటు. నీరు పారుతున్నప్పుడే వాసన పారుతుంది. పోటు నిండి, నీరు నిలకడగా వున్న వేళ ఎర వేస్తే వాసన అక్కడే సుడి తిరుగుతుంది, దూరంగా వున్న పీతకు అందదు. పోటు మొదలైన దగ్గరనుంచి సగం వరకూ, అలాగే పాటు మొదలైన వేళా మంచివి. మడచెట్ల మొదళ్ళు, గట్టున బొరియలు వున్న చోటు చూసుకుని, నీరు వచ్చే వైపు, అంటే ఎగువన ఎర దించండి. వాసన నీటితో కిందికి పోయి బొరియల దాకా అందుతుంది. పీత ఆ వాసన పట్టుకుని నీటికి ఎదురు నడిచి వస్తుంది. ఎరను పీత దగ్గర వేయడం కాదు, పీతకు ఎగువన వెయ్యాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఎరకు పెట్టే డబ్బు సగం కలిసివస్తుంది. అమావాస్యకూ, పున్నమికీ పోట్లు పెద్దవిగా వుంటవి కాబట్టి ఆ రోజుల్లో పీతల తిరుగుడు ఎక్కువ.

చట్రం వల అయితే పావుగంటకొకసారి లేపి చూడండి. బుట్ట అయితే రెండుమూడు గంటలు వుంచవచ్చు. ప్రతి పోటుకూ ఎర మార్చండి. నాలుగైదు గంటలు నీటిలో నానిన ముక్క చూడటానికి ముక్కగానే వుంటుంది గాని, దానిలో సారం వుండదు. ఇంకొక సంగతి. బుట్టలో పీతలు కొట్టుకుని ఒకటి చితికితే దాన్ని వెంటనే తీసివెయ్యండి. చితికిన తమ జాతిదాని వాసన తగిలితే మిగతావి దూరంగా పోతవని అమెరికా నీలిపీతల మీద చేసిన పరీక్షల్లో తేలింది. చచ్చిన పీతనే ఎరగా వేసేవాళ్ళు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

ఇంతా చెప్పినా, మా ఏటిలో ఆ ఎర పనిచెయ్యదండీ అనేవాళ్ళు వుంటారు. కావచ్చు. ఏరు ఏటికీ తేడా వుంటుంది. అందుకని నా మాట నమ్మవద్దు, మీరే పరీక్ష చేసి చూడండి. ఒకే రకం బుట్టలు మూడు తీసుకోండి. ఒకదానిలో చేపతల, రెండవదానిలో కోడిమెడ, మూడవదానిలో గుల్లలు, తూకం మాత్రం సమానంగా వుండాలి. పాతిక ముప్ఫై బారల దూరాన ఒకేసారి దించండి, ఒకేసారి లేపండి. ఎన్ని పీతలు పడ్డవో, ఎంత తూగినవో కాగితం మీద రాసుకోండి. మరునాడు బుట్టల చోట్లు మార్చండి. మూడవనాడు మళ్ళీ మార్చండి. చోటు మార్చకపోతే, గెలిచింది ఎరా, చోటా అనేది తెలియదు. ఇలా తొమ్మిది రోజులు చేస్తే, ఒక్కొక్క ఎర ఒక్కొక్క చోట మూడేసి సార్లు పడుతుంది. అప్పుడు లెక్క వేస్తే మీ ఏటికి ఏ ఎర తగినదో మీకే తెలుస్తుంది. వరి విత్తనం ఎంచుకునేటప్పుడు మళ్ళలో పరీక్ష ఎలా చేస్తామో యిదీ అంతే. గ్రామాల్లో వున్న మత్స్య సహాయకులు యువజనుల చేత ఈ పరీక్ష చేయిస్తే, పీతలతోపాటు పరీక్ష చేసే పద్ధతీ వాళ్ళకు అలవడుతుంది.

ఇప్పుడు, తరువాత చెబుతానన్న సంగతికి వస్తాను. రొయ్యల చెరువులో చచ్చిన రొయ్యలను ఎరగా వెయ్యవచ్చునా?

వెయ్యకూడదు. ఎందుకో వినండి. రొయ్యలకు తెల్లమచ్చ వ్యాధి అని ఒకటి వున్నది. అది వైరసు వల్ల వచ్చే జబ్బు. మనిషికి ఏమీ చెయ్యదు గాని, చెరువులో పడితే కొద్దిరోజుల్లో రొయ్యలన్నీ పోవచ్చు. 1994, 1995 సంవత్సరాల్లో మన తూర్పు తీరంలో టైగర్ రొయ్యల సాగును దెబ్బతీసింది ఈ వ్యాధే. నెల్లూరు మొదలుకొని గోదావరి దాకా అప్పుల పాలైన కుటుంబాలు ఎన్నో. ఆనాటి పెద్దలు యింకా మన మధ్య వున్నారు, అడిగితే చెబుతారు. ఇప్పుడు వనామి పెంచుతున్న రైతులకూ ఆ భయం పోలేదు.

ఈ వ్యాధికీ పీతకూ సంబంధం ఏమిటంటే, పీత ఆ వైరసును తన వంట్లో పెట్టుకుని తిరుగుతుంది. తాను చాలామటుకు చావదు. పైకి ఏ గుర్తూ కనిపించదు. అలాంటి పీత గట్టెక్కి చెరువులోకి దిగితే జబ్బు దానితోపాటు దిగుతుంది. అందుకే వనామి చెరువుల చుట్టూ పీతలు ఎక్కకుండా అడ్డు కంచె కట్టాలని నియమం పెట్టారు. ఇప్పుడు ఆలోచించండి. జబ్బుతో చచ్చిన రొయ్యను మనం ఎరగా వేస్తే, దాన్ని పదిపీతలు కొరుకుతవి. వాటిలో రెండు మన బుట్టలో పడతవి, ఎనిమిది పారిపోతవి. ఆ ఎనిమిదీ ఏ చెరువుగట్టు ఎక్కుతవో ఎవరు చెప్పగలరు? ఆ ఏటి నీటినే తోడుకునే చెరువులు ఎన్ని వున్నవో లెక్కపెట్టండి. ఇవాళ పక్కవాడి చెరువు, రేపు మన చెరువు.

ఇది వూహ కాదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో లోగన్ నది ఒడ్డున రొయ్యల చెరువులున్నవి. అంతకుముందు ఆ దేశపు చెరువుల్లో తెల్లమచ్చ వ్యాధి ఎరగరు. 2016 చివరలో అక్కడ అది బయటపడి, ఆ నది ఒడ్డున చెరువులన్నిటినీ పాడుచేసింది. జబ్బు ఎలా వచ్చివుంటుందని విచారించినవాళ్ళు అనుమానించిన దారుల్లో ఒకటి ఏమిటో తెలుసా? పైదేశాలనుంచి తినడానికి తెచ్చిన పచ్చిరొయ్యల్ని, సరదాకు గాలం వేసేవాళ్ళు ఎరగా వాడటం. అదే దారి అని రుజువు కాకపోయినా, అనుమానం అంత గట్టిది కాబట్టి ఆ ప్రాంతంలో ఎర విషయంలో కట్టుబాట్లు పెట్టి, తినే రొయ్యను ఎరగా వాడవద్దని జనానికి చెబుతూ వచ్చారు.

మంచులో పెట్టి గడ్డకట్టించాము గదా, జబ్బు చచ్చిపోయి వుంటుంది అని కొందరనవచ్చు. మంచు ఆ వైరసును చంపదు, దాచిపెడుతుంది. కాబట్టి పచ్చిరొయ్య, రొయ్యతల, రొయ్యపొట్టు, యివి ఏవీ ఎరకు పనికిరావని గీత గీసుకోండి. జబ్బుపడ్డ చెరువులో చచ్చిన రొయ్యను గట్టుకు దూరంగా గొయ్యితీసి సున్నం వేసి పూడ్చండి. ఆ చెరువు నీటిని శుద్ధి చెయ్యకుండా ఏటిలోకి వదలకండి. సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అని సామెత. ఇక్కడ మాత్రం పీత కష్టం పీతతో ఆగదు, రైతు యింటిదాకా వస్తుంది.

వెయ్యకూడని ఎర మరొకటి వున్నది, మందు కలిపిన ఎర. వరిగట్లకు బొక్కలు పెట్టి నీరంతా పోగొట్టే మంచినీటి ఎండ్రకాయల మీద కోపంతో కొందరు తవుడులో గుళికల మందు కలిపి బొరియల్లో పెడతారు. అది తిన్నది ఎండ్రకాయతో పోదు. ఆ ఎండ్రకాయను తిన్న కొంగ, బాతు, కుక్క చస్తవి. తెలియక పిల్లలు ఏరుకువచ్చి వండిస్తే మనుషులకే ముప్పు. గట్ల ఎండ్రకాయల్ని పట్టాలంటే నున్నటి కుండను మూతి నేలమట్టంగా వుండేటట్టు గట్టు పక్కన పూడ్చి, లోపల చేపముక్కా, కాస్త తవుడూ వెయ్యండి. రాత్రికి దిగినది నున్నటి గోడ ఎక్కలేక తెల్లవారేదాకా అందులోనే వుంటుంది. మంచినీటి ఎండ్రకాయను తినేవాళ్ళు బాగా వుడికించి తినాలి. పచ్చిగాను, సగం వుడికినది గాను తింటే ఊపిరితిత్తుల్లో చేరే ఒక పురుగు దానివల్ల వస్తుంది. మన దేశపు ఈశాన్య రాష్ట్రాల్లో ఈ జబ్బు కనిపిస్తున్నది.

ఎర బాగా పనిచేసి బుట్ట నిండిందనుకుందాం. అన్నీ యింటికి తేవాలా? పీతను తిరగవేసి పొట్టకింది మడత చూడండి. సన్నగా కోసుగా వుంటే మగది. వెడల్పుగా గుండ్రంగా వుంటే ఆడది. ఆ మడతకింద నారింజరంగు గాని నలుపు గాని గుడ్ల ముద్ద వుంటే మారుమాట లేకుండా నీటిలో వదలండి. ఆ ఒక్క తల్లి దగ్గర లక్షల కొద్దీ గుడ్లుంటవి. డొప్ప మీ అరచేతిని కప్పనంత చిన్నపీతనూ వదలండి. డొప్ప అడుగున వేలితో నొక్కితే లోపలికి పోయే పీతను కూడా వదలండి. అది కొత్తగా కుబుసం విడిచినది, లోపల నీరే తప్ప మాంసం వుండదు. కుబుసం విడిచి ఆకలిమీద వున్నవే ఎరకు ముందుగా వస్తవి కాబట్టి యిలాంటివి ఎక్కువగానే పడతవి. తెచ్చి వండితే పులుసూ నీళ్ళే, ముక్కా నీళ్ళే. నెల తరువాత అదే పీత నిండుగా తూగుతుంది. మేరీలాండులో సరదాకు పట్టేవాళ్ళు ఆడపీతను అసలు వుంచుకోకూడదని చట్టమే వున్నది. మనం చట్టం చెప్పేదాకా ఆగనక్కరలేదు.

బుట్టను మరిచిపోయి రాకండి. వరదకు తాడు తెగి ఏటిలో పోయిన బుట్ట పీతల్ని పడుతూనే వుంటుంది. లోపల చచ్చిన చేపా పీతా తరువాత వచ్చేదానికి ఎర అవుతవి. ఎత్తేవాడు లేని వేట అది. అందుకని బుట్ట తలుపును నైలాను తాడుతో కాక జనపనార పురితో కట్టండి. పోయిన బుట్టకు ఆ నార కొన్ని వారాల్లో చీకిపోయి, తలుపు తెరుచుకుంటుంది. ఇక కోరింగ మడ అడవి 1978 నుంచి అభయారణ్యం. అలాంటి చోట్లకు పోయేముందు అటవీశాఖ వారిని అడిగి, వాళ్ళు చెప్పిన హద్దులు పాటించండి.

ముగించేముందు ముఖ్యమైన మాటలు మరొకసారి చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. ఎరకు చేపతల మేలు, దానికి గుప్పెడు చితికిన గుల్లలు తోడు చేస్తే మరీ మేలు. కుళ్ళినది వద్దు, తాజాదో ఉప్పువేసినదో వాడండి. వల సంచిలో కట్టండి. పారే నీటిలో, పీత వుండే చోటికి ఎగువన దించండి. ప్రతి పోటుకూ మార్చండి. రొయ్యను, కప్పను, జబ్బుకోడిని, మందు కలిపినదాన్ని ఎరగా ముట్టుకోకండి. గుడ్లున్న తల్లిని, చిన్నదాన్ని, మెత్తనిదాన్ని వదిలిపెట్టండి.

ఎర అనేది మనం ఏటిలో వేసే వస్తువు. ఆ ఏరు ఒక్కరిది కాదు. పైన వరి పండించేవారు, పక్కన రొయ్యలు పెంచేవారు, కింద వల వేసుకు బతికేవారు, అందరూ ఆ నీటినే నమ్ముకున్నారు. మనం వేసే ముక్క వాళ్ళలో ఎవరికీ కీడు చెయ్యనిదై వుంటే, ఆ పూట కూర అందరికీ రుచిస్తుంది.